బేస్ బాక్సులపై లోపలి ఘనపరిమాణం ముద్రించాలి

సంపాదకులకు,

కారులో సబ్‌ఊఫర్ (లోతైన బేస్ స్వరాలను పలికించే స్పీకర్, క్లుప్తంగా ఊఫర్) పెట్టించుకునేవారు దాని కంపెనీ, వాట్లు, ధర గురించి ఎంతో ఆరా తీస్తారు గానీ, దాన్ని బిగించే పెట్టె ఎన్ని లీటర్లదో మాత్రం అడగరు. దుకాణాలవారు కూడా ‘పన్నెండు అంగుళాల బాక్సు’ అంటూ ఒకే రెడీమేడ్ పెట్టెను అన్ని ఊఫర్లకూ అంటగడుతున్నారు. అంగుళాల లెక్క ఊఫర్ పట్టే రంధ్రానిదే. లోపల ఎంత గాలి ఉండాలన్నది ఒక్కో ఊఫర్‌కు ఒక్కో రకంగా ఉంటుంది.

ఆస్ట్రేలియాలో పనిచేసిన ఇంజినీర్లు నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ 1960, 70 దశకాల్లో స్థిరపరచిన, పెట్టె పరిమాణాన్ని లెక్కగట్టేందుకు పనికొచ్చే కొలతలు మంచి ఊఫర్లతో వచ్చే కాగితంలో ఉంటాయి. క్యూటీఎస్ (ఊఫర్ కదలిక ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె) 0.5, వీఏఎస్ (ఊఫర్ బిగువుకు సమానమైన స్ప్రింగులా పనిచేసే గాలి పరిమాణం) 60 లీటర్లు, సహజ పౌనఃపున్యం 30 హెర్ట్జ్ ఉన్న ఊఫర్‌నే తీసుకుంటే, అన్ని వైపులా మూసిన 60 లీటర్ల పెట్టెలో ఆ పౌనఃపున్యం 42 హెర్ట్జ్ అవుతుంది, దాదాపు అక్కడి వరకు ఊఫర్ సమంగా పలుకుతుంది. డిక్కీలో చోటు మిగులుతుందని దాన్నే 20 లీటర్ల పెట్టెలో బిగిస్తే, పెట్టెలోని ఆ సహజ పౌనఃపున్యం కాస్తా 42 నుంచి 60కి చేరి, లోతైన ధ్వని తగ్గిపోయి, 85 హెర్ట్జ్ చుట్టుపక్కల అనవసరపు గుమగుమ మొదలవుతుంది. కారు లోపలి ఇరుకు చోటు కింది స్వరాలను కొంత పెంచుతుంది కాబట్టి 45 లీటర్లతో సరిపెట్టుకున్నా పెద్ద లోటు ఉండదు. 20 లీటర్లు మాత్రం అన్యాయం.

వడ్రంగితో చేయించుకునేవారు సైతం బయటి కొలతల దగ్గరే పొరబడుతున్నారు. 50, 40, 30 సెంటీమీటర్ల పెట్టె చూడటానికి 60 లీటర్లే. అయితే 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క మందం రెండేసి వైపులా తీసేస్తే లోపల మిగిలేది సుమారు 44.6 లీటర్లు, ఊఫర్ అయస్కాంతం, చట్రం ఆక్రమించే చోటు అందులోంచి ఇంకా పోతుంది.

పోర్టు (గాలి లోపలికీ బయటికీ ఆడే గొట్టం లాంటి దారి) ఉన్న పెట్టెల్లో ఈ నిర్లక్ష్యం ఊఫర్‌కే ముప్పు తెస్తుంది. పోర్టును ట్యూన్ చేసిన, అంటే అది బాగా పలికేలా అమర్చిన పౌనఃపున్యం కంటే కిందికి వెళ్లే కొద్దీ గాలి పట్టు తప్పి కోన్ (ఊఫర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు లాంటి భాగం) అదుపు లేకుండా ఊగుతుంది. ఆ స్థితిలో యాంప్లిఫయర్‌ను గట్టిగా పెంచితే కోన్‌ను కదిలించే తీగచుట్ట (కాయిల్) దెబ్బతినవచ్చు.

కాబట్టి పెట్టెలు తయారుచేసేవారు లోపలి నికర ఘనపరిమాణాన్ని లీటర్లలోనూ, పోర్టు ఉంటే దాని ట్యూనింగ్‌ను హెర్ట్జ్‌లలోనూ ప్రతి పెట్టెపై ముద్రించాలని, దుకాణాలవారు ఊఫర్ కాగితాన్ని కొనుగోలుదారుకు ముందే చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, విజయవాడ