వచ్చే నెల నుంచి మా కొట్టు తలుపుల మీద మూడు బోర్డులు: కస్టమర్లకు వివరణ

మా కిరాణా కొట్టుకు ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

వచ్చే నెల మొదటి తేదీ నుంచి మా కొట్టు లోపలికి తుపాకీ తీసుకురావడానికి అనుమతి ఉండదు. ముందు తలుపుకూ, పార్కింగ్ వైపున్న పక్క తలుపుకూ టెక్సస్ చట్టం చెప్పిన పద్ధతిలో మూడేసి బోర్డులు పెడుతున్నాము. కందిపప్పు ధర పెరిగిందనో, పండగ రోజు వేళలు మారాయనో పంపే నాలుగు ముక్కల సందేశంతో ఈ సంగతి సరిపెట్టడం మాకు ఇష్టం లేదు. ఎందుకు పెడుతున్నామో, దాని వల్ల ఏమవుతుందో, ఏమి కాదో దాపరికం లేకుండా రాస్తున్నాను.

ముందుగా మూడు బోర్డులు ఎందుకో చెప్పాలి. ఈ రాష్ట్రంలో తుపాకీ వెంట పెట్టుకుని తిరిగే హక్కు పొర మీద పొరగా పెరుగుతూ వచ్చింది. 1995లో అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన చట్టంతో, ఆ మరుసటి ఏడాది నుంచి లైసెన్సు ఉన్నవారు పిస్టల్‌ను బట్టల చాటున పెట్టుకుని తిరగడం మొదలైంది. 2016 జనవరి 1 నుంచి అదే లైసెన్సుతో నడుముకు అందరికీ కనిపించేలా కూడా తగిలించుకోవచ్చు. 2021 సెప్టెంబరు 1న, గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిన మరో చట్టం అమల్లోకి వచ్చాక, 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత కోల్పోనివారికి లైసెన్సు అవసరమే లేకుండా పోయింది. ఆ వయోపరిమితి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 18 నుంచి 20 ఏళ్ల వారిని ఆపడం రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం అప్పీలుకు వెళ్లి, డిసెంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది. ఇన్ని పొరలు ఉన్నాయి కనుక, వద్దనదలచుకున్న యజమానికి రాష్ట్ర శిక్షాస్మృతి (పీనల్ కోడ్)లో సెక్షన్లు కూడా వేరువేరుగానే ఉన్నాయి. లైసెన్సు లేనివారికి 30.05, దాచుకుని తెచ్చే లైసెన్సుదారులకు 30.06, కనిపించేలా తెచ్చే లైసెన్సుదారులకు 30.07 వర్తిస్తాయి. ఒక్క బోర్డు తగ్గినా, నోటితో చెప్పేదాకా ఆ కోవకు చెందినవారికి మా మాట చెల్లదు.

ఎర్ర గీత కొట్టిన తుపాకీ బొమ్మ స్టిక్కర్ ఒకటి అంటిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లైసెన్సు ఉన్నవారి విషయంలో అది చాలదు. చట్టంలో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తున్న పెద్ద అక్షరాలతో, వెనుక రంగుకు భిన్నమైన రంగులో, వచ్చేవారి కంట పడే చోట పెట్టాలి. ఆ కొలతల ప్రకారం రాయించేసరికి మా ముందు అద్దంలో చాలా భాగం వాటికే పోతోంది. ఇంతకాలం ఆ అద్దం మీద ఉన్న గుడి కల్యాణోత్సవాల కరపత్రాలను, సంగీతం క్లాసుల ప్రకటనలను, అద్దెకు గది కావాలన్న చీటీలను బిల్లింగ్ కౌంటర్ పక్క గోడకు మారుస్తున్నాము. బోర్డుల కింద తెలుగులో ఒక కాగితం కూడా ఉంటుంది. చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. అయినా పిల్లల దగ్గరికి వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లే అమ్మలూ నాన్నలూ అంత పెద్ద అక్షరాల్లో తుపాకీ మాట చూసి, ఇక్కడేదో ఘోరం జరిగిందని బెంగపడకూడదని అది పెడుతున్నాము.

ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెందుకని అడిగేవారికి ఒక సంగతి చెప్పాలి. టెక్సస్‌లో యజమాని ఏమీ చెప్పకపోతే, తుపాకీతో లోపలికి రావచ్చని ఒప్పుకున్నట్టే లెక్క. హవాయిలో ఇందుకు విరుద్ధంగా 2023లో చట్టం చేశారు. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు స్థలంలోకి, యజమాని స్పష్టంగా సరేనంటే తప్ప, తుపాకీ తీసుకువెళ్లకూడదని దాని సారాంశం. న్యూయార్క్ 2022లోనే అలాంటి నియమం పెట్టింది. తుపాకీ వెంట పెట్టుకోవడానికి ప్రత్యేకమైన కారణం చూపాలన్న ఆ రాష్ట్రపు శతాబ్దం నాటి షరతును 2022 జూన్ 23న సుప్రీంకోర్టు 6–3 తేడాతో కొట్టివేయడమే దానికి మూలం. లైసెన్సులను ఆపలేని పరిస్థితి వచ్చాక, తుపాకీ ఎక్కడెక్కడికి వెళ్లవచ్చో అన్న దాని మీద పోరాటం మొదలైంది. న్యూయార్క్ నియమంలో దుకాణాల వంటి స్థలాలకు సంబంధించిన భాగాన్ని అక్కడి అప్పీలు కోర్టు నిలిపివేసింది. హవాయి నియమాన్ని మాత్రం మరో అప్పీలు కోర్టు 2024లో సమర్థించింది. ఇలా రెండు కోర్టులు రెండు మాటలు చెప్పడంతో సుప్రీంకోర్టు హవాయి కేసును తీసుకుని, 2026 జనవరి 20న వాదనలు విన్నది.

ఆ వాదనల గురించి చదువుతున్నప్పుడు నా మనసులో నాటుకున్నది ఒక్కటే. యజమాని మౌనాన్ని అవునని తీసుకోవాలా, కాదని తీసుకోవాలా అన్న దాని మీదే ఇరుపక్షాలూ తలపడ్డాయి. యజమాని నోరు తెరిచి వద్దంటే ఆ మాట చెల్లుతుందన్న విషయంలో హవాయి చట్టాన్ని సవాలు చేసినవారికి కూడా అభ్యంతరం లేదు. అంటే ఈ దేశంలో తుపాకీ హక్కును ఎంత గట్టిగా సమర్థించేవారైనా నా తలుపు దగ్గర నిర్ణయం నాదేనని ఒప్పుకుంటున్నారు. అలాంటప్పుడు ఏ బోర్డూ పెట్టకుండా ఉండిపోవడం కూడా నా తరఫున ఒక జవాబే అవుతుంది. అది నేను ఇవ్వదలచుకున్న జవాబు కాదు.

ఇందులో మా ప్రాంతం పడ్డ బాధ కూడా ఉంది. 2023 మే 6, శనివారం మధ్యాహ్నం డాలస్ దగ్గరున్న అలెన్‌లోని అవుట్‌లెట్ మాల్‌లో ఒక దుండగుడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వారిలో తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ ఇంజినీరుగా ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి ఒకరు. మన కుటుంబాలు వారాంతంలో బట్టలు, చెప్పులు కొనుక్కోవడానికి వెళ్లే చోటు అది. ఆ తర్వాత రెండు రోజులకు రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో శాసనసభ కమిటీ ఒకటి, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనే కనీస వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లును 8–5 ఓట్లతో ముందుకు పంపింది. 2022 మేలో ఈ రాష్ట్రంలోని ఉవాల్డీ ఊరి బడిలో 19 మంది పిల్లలనూ ఇద్దరు టీచర్లనూ చంపినవాడి వయసు 18 కావడంతో, ఆ పిల్లల తల్లిదండ్రులు నెలల తరబడి శాసనసభ చుట్టూ తిరిగి అడిగిన బిల్లు అది. ఇద్దరు రిపబ్లికన్లు కూడా దానికి ఓటు వేశారు. అయినా గడువులోగా సభ ముందుకు రాకుండానే అది ఆగిపోయింది. ఆ వారమంతా మా కౌంటర్ దగ్గర దోసెల పిండి, కరివేపాకు కొనడానికి వచ్చినవారు కూడా దాని గురించి తప్ప మరొకటి మాట్లాడలేదు.

ఈ మధ్య ఒక సాయంత్రం, టిఫిన్ కౌంటర్ దగ్గర పిల్లలు వరుసలో నిలబడి ఉండగా, నడుముకు పిస్టల్ తగిలించుకున్న ఒకాయన వచ్చి, పాలూ గుడ్లూ కొనుక్కుని మర్యాదగా వెళ్లిపోయారు. ఆయన చేసినదాంట్లో చట్టప్రకారం తప్పేమీ లేదు. ఆ మాట స్పష్టంగా చెబుతున్నాను. కానీ ఆయన లోపల ఉన్న కాసేపూ ఆ వరుసలో మాటలు ఆగిపోయాయి. ఒక తల్లి బిడ్డను వెనక్కి లాక్కుని, ఆర్డరు ఇవ్వకుండానే బయటికి వెళ్లిపోయింది. తర్వాత ఆమె నాతో, "అన్నయ్యా, ఆయన మంచివాడో కాదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

వ్యతిరేకించినవారి మాట కూడా మీకు తెలియాలి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే ఒక చెల్లెమ్మ, లైసెన్సు ఉన్నామె, ఇలా అడిగింది: "అర్ధరాత్రి పార్కింగ్‌లో ఒంటరిగా నడిచేది నేను. మీ బోర్డు చదివి తుపాకీ కారులో వదిలేసి వచ్చేది కూడా నాలాంటివాళ్లే. చంపడానికి వచ్చేవాడు బోర్డు చదువుతాడా?" చదవడు. ఈ బోర్డులు అలాంటివాణ్ని ఆపుతాయని నేను ఎవరికీ చెప్పను, ఎవరైనా చెబితే నమ్మవద్దు. అవి చేయగలిగింది తక్కువే, అయినా మాకు అవసరమైనదే. బోర్డు ఉండగా తుపాకీతో వస్తే 200 డాలర్ల వరకు జరిమానా పడుతుంది. నోటితో చెప్పిన తర్వాత కూడా వెళ్లకపోతే ఏడాది వరకు జైలు శిక్ష పడే నేరమవుతుంది. ఈరోజు తుపాకీ చూసి, నోటితో వద్దని చెబితేనే చట్టం నా వైపు ఉంటుంది. ఇక మీదట ఆ మాట తలుపు దగ్గరే చెప్పినట్టవుతుంది.

కౌంటర్ కింద మేమే ఒక పిస్టల్ ఎందుకు ఉంచుకోకూడదని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో పని చేస్తూ మన పిల్లలు కాల్పులకు బలైన వార్తలు విన్న ప్రతిసారీ ఈ మాట వస్తుంది, అది ప్రేమతో చెప్పేదేనని నాకు తెలుసు. దీని గురించి వకీలును అడిగాము. హెచ్‌-1బీ, ఎఫ్‌-1, హెచ్‌-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మా కౌంటర్‌లో కూర్చునే అక్కల్లో కొందరు హెచ్‌-4 మీద పని అనుమతి పొందినవారు. వారి చేతికి అందే చోట తుపాకీ ఉంటే అది వారి దగ్గర ఉన్నట్టేనని ఎవరైనా కేసు పెట్టవచ్చని ఆయన హెచ్చరించారు. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, పైగా దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంది. నా దుకాణం భద్రత కోసం ఆ అక్కల బతుకును పణంగా పెట్టలేను. ఈ సందర్భంగా మన కుర్రాళ్లకు ఒక మాట: స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, అద్దె తుపాకీ చేతిలోకి తీసుకుని, ఫొటో దిగి పెట్టడం సరదాగా అనిపించవచ్చు. వీసా మీద ఉన్నవారికి అది కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. వెళ్లే ముందు మీ ఇమ్మిగ్రేషన్ వకీలును ఒక్కసారి అడగండి, నాయనా. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు.

ఇక రోజువారీ సంగతులు. మేము ఎవరి బ్యాగూ వెతకము, ఎవరి చొక్కా కిందా చూడము. ఎవరి దగ్గరైనా తుపాకీ కనిపిస్తే నేను గానీ మేనేజర్ గానీ పక్కకు పిలిచి, కారులో పెట్టి రమ్మని మర్యాదగా చెబుతాము. కౌంటర్‌లో ఉన్నవారికి ఆ బాధ్యత అప్పగించడం లేదు. పోలీసు అధికారులు డ్యూటీలో ఉన్నా లేకున్నా ఈ బోర్డులు వారికి వర్తించవు. కారులో తాళం వేసి ఉంచుకున్న తుపాకీతో మాకు సంబంధం లేదు, పార్కింగ్ స్థలం మా అధీనంలో ఉన్నది కూడా కాదు. ఆ చెల్లెమ్మ మాట విన్నాక చీకటి పడిన తర్వాత పక్క తలుపు మూసి, ముందు తలుపు ఒక్కటే తెరిచి ఉంచాలని, అటువైపు దీపాలు పెంచమని భవనం యజమానిని అడగాలని నిర్ణయించాము. ఎవరైనా అడిగితే కారు దాకా మా మనిషి తోడు వస్తాడు.

కొందరు ఇక మా కొట్టుకు రామని ముఖం మీదే చెప్పారు. నెల సరుకులన్నీ ఇక్కడే తీసుకునే కుటుంబాలు అవి, ఆ లోటు మాకు తెలుస్తుంది. తుపాకీ ఉన్నవారందరినీ అనుమానిస్తున్నామని దయచేసి అనుకోవద్దు. అమెరికా రాజ్యాంగపు రెండో సవరణ ఇచ్చిన తుపాకీ హక్కును సుప్రీంకోర్టు పదేపదే బలపరిచింది. అదే కోర్టు 2024 జూన్‌లో, మన పక్కనున్న టారంట్ కౌంటీ నుంచి వెళ్లిన కేసులో, ఇంట్లోవారికి ప్రమాదకారి అని కోర్టు తేల్చినవాడి నుంచి తుపాకీని తాత్కాలికంగా తీసేయవచ్చని 8–1 తేడాతో చెప్పింది. హక్కుకు హద్దు ఎక్కడ గీయాలో కోర్టులూ శాసనసభలూ ఇంకా తేల్చుకుంటూనే ఉంటాయి. ఆ వాదనలో ఏ పక్షం వారి సంతకాల కాగితాలూ, ఎన్నికల పోస్టర్లూ మా కౌంటర్ మీద పెట్టనివ్వము. నేను చెబుతున్నది ఈ నాలుగు గోడల లోపలి సంగతి మాత్రమే.

తుపాకీని కారులో వదలడం ఇష్టం లేనివారు కొట్టుకు ఫోన్ చేసి ఆర్డరు ఇవ్వండి. పెరుగు, ఆకుకూరలు, వేడి టిఫిన్లతో సహా సరుకులన్నీ మీ కారు దగ్గరికే తెచ్చి ఇస్తాము, దానికి అదనంగా ఏమీ తీసుకోము. ఈ నిర్ణయం మీద నాతో నేరుగా మాట్లాడదలచుకున్నవారు మంగళవారం మధ్యాహ్నాలు రండి, ఆ సమయంలో రద్దీ తక్కువ.