పక్కింటి పెద్దాయనకూ, డేటన్ అన్నయ్యకూ కృతజ్ఞతలు

ఒహాయోలో చలి తగ్గి నాలుగు వానలు పడ్డాయంటే ఇక గడ్డిని ఆపలేం. మేము కొలంబస్ దగ్గర ఇల్లు కొన్నది నిండు చలికాలంలో. పాత యజమాని గరాజ్‌లో వదిలేసి వెళ్లిన గడ్డి కోసే యంత్రం, అదే లాన్ మోవర్‌ను ఏప్రిల్‌లో బయటికి తీస్తే, తాడు ఎంత లాగినా ఉలుకూ లేదు పలుకూ లేదు. రిపేరు షాపు వాళ్లేమో సీజన్ కదా, మూడు వారాలు పడుతుందన్నారు. ఈలోగా గడ్డి పెరిగిపోయిందని నోటీసు వస్తుందేమోనని అదొక టెన్షన్.

నా అవస్థ చూసి పక్కింటి పెద్దాయన తనంతట తనే వచ్చారు. ట్రాక్టర్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఎయిర్ ఫిల్టర్ తీసి, లోపలికి కాస్త కార్బురేటర్ క్లీనర్ (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే భాగాన్ని శుభ్రం చేసే స్ప్రే) కొట్టి, తాడు లాగమన్నారు. ఇంజను ఒక్క క్షణం బుర్రుమని ఆగిపోయింది. "స్పార్క్ ఉంది, గ్యాసే అందట్లేదు" అని తేల్చేశారు. గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే.

పాత గ్యాస్ ఒంపేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీశాక, కార్బురేటర్ కింది గిన్నె విప్పించారు. అడుగున ఆకుపచ్చగా జిగురు, గుప్పుమని వార్నిష్ వాసన. ఇక్కడి గ్యాస్‌లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న గ్యాస్ ఇలా బంకలా మారుతుందట. గిన్నెను పట్టి ఉంచే ఇత్తడి బోల్టులోనే గ్యాస్ వెళ్లే సన్నని రంధ్రం ఉంది. వెలుగుకు ఎత్తి చూస్తే పూర్తిగా మూసుకుపోయింది. పాత కరెంటు వైరు ఒలిచి ఒక రాగి పోగు నా చేతికిచ్చారు. ఉక్కు తీగ పెడితే ఇత్తడి గీసుకుపోతుందట. మెల్లగా పొడిచి, క్లీనర్ కొట్టి మళ్లీ చూస్తే, ఆవాలగింజ కంటే చిన్న వెలుగు చుక్క!

తనైతే పావుగంటలో ముగించేవారు. కానీ రెంచి ఒక్కసారి కూడా తన చేతిలోకి తీసుకోలేదు. అందుకే ఆయనకు రెండు దండాలు. డబ్బు మాటెత్తితే నవ్వేశారు. పెసరట్లోకి అల్లం పచ్చడి మాత్రం అడిగి వేయించుకున్నారు.

బ్లేడు పని డేటన్‌లో ఉండే మా ఊరి అన్నయ్య వీడియో కాల్‌లో దగ్గరుండి చేయించాడు. "తమ్ముడూ, ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండేలా వంచు, లేకపోతే ఆయిలంతా ఫిల్టర్లోకి పోతుంది" అని ముందే హెచ్చరించాడు. సానపట్టాక బ్లేడును మధ్య రంధ్రంతో మేకుకు తగిలించమన్నాడు. ఏ పక్క కిందికి వాలితే ఆ పక్క ఇంకాస్త అరగదీయాలి, లేకపోతే మోవర్ వణుకుతుంది. గడ్డి ఎంత పెరిగినా ఒకేసారి మూడో వంతుకు మించి కొయ్యొద్దన్నాడు. అన్నయ్యా, ఆఫీసు మీటింగు వాయిదా వేసుకుని మరీ కూర్చున్నావని వదిన చెప్పింది. చాలా థాంక్స్.

కొలంబస్ చుట్టుపక్కల ఎవరి మోవరైనా ఇలాగే మొండికేస్తే చెప్పండి. సగం డబ్బా క్లీనరూ, సాకెట్ సెట్టూ నా దగ్గరున్నాయి. శనివారాలు పొద్దున ఇంట్లోనే ఉంటాను.