నీరసం ఎప్పుడు తగ్గుతుందో విడమర్చి చెప్పినవాళ్లకు కృతజ్ఞతలు

విటమిన్ బి12, విటమిన్ డి లోపాలకు మందులు వాడుతున్న మా అందరి తరఫున, మా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబులిచ్చినవాళ్లకు ఈ నాలుగు మాటలు. పేర్లు రాయొద్దన్నారు, కాబట్టి ఎవరు ఏ పని చేస్తారో దాన్ని బట్టే చెబుతున్నాం. ఏ మందు ఎన్ని రోజులు అన్నది చీటీ మీద ఉంటుంది. మొదలుపెట్టాక ఒంట్లో ఏది ముందు మారుతుంది, ఏది నెలలు పడుతుంది, మధ్యలో ఏం తేడా చేస్తుంది అన్నది మాత్రం ఉండదు. మీ సాయం ముఖ్యంగా అక్కడే పనికొచ్చింది.

ముందుగా రక్తవ్యాధుల డాక్టరుగారికి. బి12 ఇంజెక్షన్లు మొదలైన ఒకటి రెండు రోజులకే చాలామందికి మనసు తేలికపడుతుంది, ఆకలి పుడుతుంది. కానీ అప్పటికి హిమోగ్లోబిన్ కదలనే కదలదని మీరు చెప్పకపోయి ఉంటే ఆ హుషారును నమ్ముకుని ఆగిపోయిన పనులన్నీ ఒకేసారి నెత్తికెత్తుకునేవాళ్లం. మూడు నాలుగు రోజులకు రక్తంలో రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే మూలుగలోంచి వచ్చిన లేత ఎర్రకణాలు, పెరగడం మొదలవుతుంది. వారం అటూ ఇటూగా అవి గరిష్ఠానికి చేరతాయి. హిమోగ్లోబిన్ పెరుగుదల రెండో వారంలో తెలుస్తుంది, మామూలు స్థాయికి రావడానికి సుమారు 8 వారాలు పడుతుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కాబట్టి, లోపం ఉన్నప్పుడు తయారైన పెద్ద కణాలు అంతవరకూ తిరుగుతూనే ఉంటాయి. రిపోర్టులో ఎంసీవీ, అంటే ఎర్రకణాల సగటు పరిమాణం, మెల్లగా దిగడానికి కారణం ఇదే. 1926లో అమెరికన్ డాక్టర్లు జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ బి12 లోపంతో వచ్చే రక్తహీనతకు కాలేయం తినిపించి నయం చేసినప్పుడు కూడా, వైద్యం పనిచేస్తోందని ముందుగా పట్టిచ్చింది ఈ లేత కణాల లెక్కేనట. బి12 ను విడిగా తీసింది ఆ తర్వాత చాలా ఏళ్లకు, 1948లో.

నరాల లెక్క వేరు. అరికాళ్ల తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, నడకలో తూలడం తగ్గడానికి మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎంత ఆలస్యంగా వైద్యం మొదలైతే అంత అసంపూర్తిగా కోలుకునే ప్రమాదం ఉంది. రక్తం బాగుపడిందని ఇంజెక్షన్లు ఆపేస్తే నరాలు కోలుకోవడం సగంలో ఆగిపోతుందని మీరు గట్టిగా చెప్పిన మాటకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.

మీరు చెప్పిన మరో రెండు విషయాలు చాలామందికి తెలియవు. రక్తహీనత తీవ్రంగా ఉన్నవాళ్లలో వైద్యం మొదలైన తొలి రోజుల్లో కొత్త కణాలు పొటాషియంను లాగేసుకుంటాయి. రక్తంలో అది పడిపోతే కండరాలు సడలిపోతాయి, గుండె లయ తప్పుతుంది. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముప్పు. అందుకే తొలి వారంలోనే పొటాషియం పరీక్ష. రెండోది, హిమోగ్లోబిన్ కొంత పెరిగి ఒకచోట నిలిచిపోవడం. మూలుగ ఒక్కసారిగా కణాలు తయారుచేస్తుంటే ఇనుము నిల్వ చాలదు, అంతవరకూ దాగి ఉన్న ఇనుము లోపం బయటపడుతుంది. అలాంటప్పుడు బి12 డోసు పెంచినా లాభం లేదు, ఫెరిటిన్, అంటే ఇనుము నిల్వను చెప్పే పరీక్ష, చూడాలి.

ఫోలిక్ యాసిడ్ సంగతి ఒక్క ముక్కలో: బి12 లోపం లేదని తేలకుండా అదొక్కటే మొదలుపెట్టకూడదు. రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల నరాల దెబ్బ సాగుతూనే ఉంటుంది.

ఇంజెక్షన్లు వేసే నర్సుగారికి. పక్కవాళ్ల చీటీకీ మన చీటీకీ పొంతన ఎందుకుండదో మీరే అర్థమయ్యేలా చెప్పారు. బి12 ఇంజెక్షన్లలో హైడ్రాక్సోకోబాలమిన్ అనే రకం ఒంట్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. నరాల బాధ లేనివాళ్లకు అది 1000 మైక్రోగ్రాములు వారానికి మూడుసార్లు చొప్పున రెండు వారాలు వేసి, తర్వాత రెండు మూడు నెలలకొకటి వేయడం ఒక పద్ధతి. సయనోకోబాలమిన్ అనే రకం త్వరగా మూత్రంలో పోతుంది కాబట్టి మొదట దగ్గరదగ్గరగా వేసి, తర్వాత నెలకొకటి కొనసాగిస్తారు. ఒక డోసు తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేయించుకోవాలి, రెండూ కలిపి ఒకేసారి కాదు.

బి12 మాత్ర మీద 1000 అని చూసి, రోజుకు కావాల్సింది 2.4 మైక్రోగ్రాములే కదా, ఇదేదో మోసం అనుకునేవాళ్లకు మీరిచ్చిన లెక్క ఇక్కడ రాస్తున్నాం. కడుపులో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ సాయంతో ఒక విడతకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు మైక్రోగ్రాములే లోపలికి వెళ్తాయి. ఆ సాయం లేకుండా తనంతట తాను ఇంకేది దాదాపు ఒక శాతం. 1000 మింగితే ఆ దారిన 10 అందుతుంది. ఆ ఫ్యాక్టర్ అసలే లేనివాళ్లకు కూడా పెద్ద డోసు మాత్ర పనిచేసేది అందుకే. నరాల లక్షణాలు ఉన్నా, లోపం తీవ్రంగా ఉన్నా డాక్టర్లు ఇంజెక్షన్‌తోనే మొదలుపెడతారు. మిథైల్ రకం మంచిదా, సయనో రకం మంచిదా అన్న వాదనకు మీరు పెట్టిన సమయం కంటే ఈ లెక్కే మాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఇక ఫార్మసిస్టుగారు. వారానికొకటి వేసుకోవాల్సిన విటమిన్ డి గుళికను రోజూ వేసుకోవడం ఎంత తరచుగా జరిగే పొరపాటో మీ ద్వారానే తెలిసింది. 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాముతో సమానం. అంటే 60,000 యూనిట్ల గుళికలో 1500 మైక్రోగ్రాములు ఉన్నట్టు. లోపానికి సాధారణంగా ఇలాంటి పెద్ద డోసు వారానికొకటి చొప్పున 8 వారాలు ఇచ్చి, ఆ తర్వాత రోజుకు 1500 నుంచి 2000 యూనిట్లకు దించుతారు. గుళిక పెట్టె మీద వారం పేరు పెద్దక్షరాలతో రాసిచ్చిన మీ అలవాటు అన్ని మందుల షాపులకూ రావాలి. డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వికారం, మతిమరుపు వస్తాయి. వీటితోపాటు ఉండే నీరసాన్ని చూసి లోపం ఇంకా తగ్గలేదనుకుని మరో గుళిక వేసుకుంటే సమస్య ముదురుతుంది. బీపీకి థయజైడ్ రకం మాత్ర వాడుతూ కాల్షియం కూడా తీసుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. డి గుళికను ఖాళీ కడుపుతో కాకుండా, కొవ్వు పదార్థం ఉన్న పెద్ద భోజనంతో వేసుకుంటే బాగా ఇంకుతుంది.

మాత్రల వేళలు మీరు అమర్చిన తీరు అలాగే పాటిస్తున్నాం. థైరాయిడ్ మాత్ర ఉంటే పరగడుపున మంచినీళ్లతో, తినడానికి అరగంట నుంచి గంట ముందు. ఇనుమూ కాల్షియమూ దానికి నాలుగు గంటల దూరంలో. ఆ రెండింటి మధ్య కూడా కనీసం రెండు గంటలు. ఇనుము మాత్రకు అటూ ఇటూ టీ, కాఫీ వద్దు. రోజూ ఇనుము పడని కడుపుకి రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరును అడగాలి, ఎందుకంటే ఒక డోసు తర్వాత ఇనుమును అదుపు చేసే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మర్నాటి ఇనుమును సరిగా ఇంకనివ్వదు. కాల్షియం ఒక విడతకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కార్బొనేట్ రకమైతే భోజనంతోనే వేసుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలు వాడేవాళ్లకు సిట్రేట్ నయం, దానికి ఆమ్లంతో పని లేదు.

ఆ ఆమ్లం మాత్రలూ, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గిస్తాయి. ఆపడం కాదు, బి12 పరీక్ష అడగడం పరిష్కారం అన్నారు. ఇంకో మాట మాలో కొందరి బుర్రలో బల్బు వెలిగించింది. వేర్వేరు పేర్లతో ఉన్న రెండు మూడు మల్టీవిటమిన్లలో బి6 ఉంటుంది, అన్నీ కలిస్తే డోసు చాలా ఎక్కువైపోతుంది. అలా నెలల తరబడి వాడితే బి6 కూడా తిమ్మిర్లు తెప్పిస్తుంది. బి12 పనిచేయడం లేదనుకుని ఇంకో సీసా కొనేముందు, ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒకచోట పెట్టి బి6 మొత్తం కూడమన్నారు.

తిమ్మిర్లకు ఇచ్చే గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ కూడా మత్తు, తల తిరుగుడు తెస్తాయి. జలుబు, అలర్జీ మాత్రల్లో కొన్నీ అంతే. మిగిలిన నీరసంలో మందుల వాటా ఎంతో చూడాలంటే, మాత్ర వేసుకున్న గంటా, మగత వచ్చిన గంటా పక్కపక్కన రాసి డాక్టరుకు చూపించాలి. వేళ మారుస్తారో, డోసు తగ్గిస్తారో వాళ్లు చెబుతారు. హఠాత్తుగా మాత్రం మానకూడదు.

ల్యాబ్ టెక్నీషియన్‌గారికి. జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని థైరాయిడ్, ట్రోపోనిన్ (గుండెపోటును పట్టిచ్చేది) పరీక్షల ఫలితాలను తప్పుగా చూపిస్తుంది. పెద్ద డోసులు వాడుతుంటే పరీక్షకు ముందే చెప్పి, ఎన్నాళ్లు ఆపాలో అడగాలి. ఇంజెక్షన్ల తర్వాత బి12 అంకె ఎలాగూ ఆకాశంలో ఉంటుంది, అది నరాలు బాగుపడ్డాయనడానికి రుజువు కాదు. విటమిన్ డి ని మూడు నెలలకు ముందు మళ్లీ చూడటం వృథా. ఒంట్లో దాని సగం జీవితకాలం రెండు మూడు వారాలు, కొత్త డోసుకు తగ్గట్టు అంకె స్థిరపడటానికి ఆ వ్యవధి కావాలి. రెండు ల్యాబుల రిపోర్టులు పోల్చేటప్పుడు ప్రమాణం కూడా చూడాలి: నానోగ్రాముల అంకెను రెండున్నరతో గుణిస్తేనే నానోమోల్ అంకె వస్తుంది. 20 నుంచి 50కి ఎగబాకిందని సంబరపడితే రెండూ ఒకటే.

ఫిజియోథెరపిస్టుగారు చెప్పినవి అన్నిటికంటే తేలిగ్గా కనిపిస్తాయి, అన్నిటికంటే కష్టంగా పాటించాం. కాస్త బాగున్న రోజున మిగిలిన పనులన్నీ చేసేసి తర్వాత రెండు రోజులు మంచం పట్టడం నీరసాన్ని సాగదీస్తుంది. మర్నాడు ఒళ్లు హూనం కాకుండా ఎంతసేపు నడవగలమో ముందు తెలుసుకోవాలి. అందులో మూడొంతుల్లో రెండొంతులే పెట్టుకుని, వారమంతా బాగున్న రోజూ బాగోలేని రోజూ అంతే నడవాలి. కుదిరితే మరుసటి వారం పదోవంతు పెంచాలి, లేదంటే అక్కడే ఆగాలి. అలసిపోయాక కాదు, అలసిపోకముందే పది పదిహేను నిమిషాలు నడుం వాల్చాలి. పగటి నిద్ర అరగంట దాటకూడదు, మధ్యాహ్నం మూడు దాటాక అసలే వద్దు.

విటమిన్ డి లోపంలో బలహీనపడేవి ఎక్కువగా తొడలు, తుంటి కండరాలు. అందుకే కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం ముందు కష్టమవుతాయి. చేతులు ఛాతీమీద మడిచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలమో వారానికోసారి లెక్క రాయమన్నారు. ఎలా ఉందని అడిగితే గుర్తులేని మనకు ఆ అంకె నిజం చెబుతుంది. కాళ్లు మొద్దుబారినవాళ్లు నీళ్ల వేడి పాదంతో కాకుండా మోచేతితో చూసుకోవాలి. రాత్రి దారిలో లైటు ఉంచుకోవాలి.

అంకెలన్నీ బాగుపడి మూడు నెలలైనా నీరసం వదలకపోతే విటమిన్లను వదిలి థైరాయిడ్, షుగరు, కిడ్నీ, నిద్రలో శ్వాస ఆగడం, కుంగుబాటు వైపు చూడమన్నారు. కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, మూత్రం మీద అదుపు తప్పడం, నడక వేగంగా చెడిపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు.

చివర్లో జవాబిచ్చిన మత్తు డాక్టరుగారికి కూడా. పంటి పనికో ఆపరేషన్‌కో వెళ్తే బి12 లోపం ఉందని, ఎప్పటినుంచి వైద్యం చేయించుకుంటున్నామని ముందే చెప్పాలట. మత్తు కోసం ఇచ్చే నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఒంట్లో ఉన్న బి12 ను పనిచేయకుండా చేస్తుంది, లోపం ఉన్నవాళ్లలో నరాల దెబ్బకు దారితీయొచ్చు. బదులుగా వాడే మత్తులు ఉన్నాయి. పర్సులో పెట్టుకునే చీటీ మీద ఇంజెక్షన్ తేదీల కింద నైట్రస్ ఆక్సైడ్ గురించిన ఆ ఒక్క వాక్యం కూడా రాసుకున్నాం.