చెరువు గట్టు, గెడ్డ (వాగు) పనుల జమా ఖర్చులు: ఊరందరికీ

ఊళ్ళో ఉన్నవాళ్ళకీ, బయట ఉంటూ డబ్బు పంపిన మన పిల్లలకీ నమస్కారం. మార్గశిరం వానలప్పుడు చెరువు గట్టు కోసం, గెడ్డ కోసం పోగుచేసిన డబ్బు లెక్క ఇది. ఒడిశాలోని కాశీనగర్ వైపు ఊళ్ళ వాళ్ళు కూడా ఎలా చేశారని అడుగుతున్నారు కాబట్టి వివరంగానే రాస్తున్నాం.

ముందు జమ. ఇంటికి 500 చొప్పున 96 ఇళ్ళ నుంచి 48,000. వైజాగ్, హైదరాబాద్, సూరత్‌లలో ఉన్న మన కుర్రాళ్ళు ఫోన్‌పేలో పంపింది 31,500. బరంపురంలో వ్యాపారం చేసుకునే మన ఊరాయన ఒకరు 10,000 ఇచ్చారు, పేరు రాయొద్దన్నారు. వినాయక చవితి మిగులు 6,200. మొత్తం 95,700 రూపాయలు. ఇవ్వలేకపోయిన ఇళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు, రాయం కూడా. కోసిన పనలు చేలోనే తడిసి మొలకెత్తిన వాళ్ళని చందా ఎలా అడుగుతాం?

ఖర్చులో అన్నిటికంటే పెద్దది జేసీబీ. 22 గంటలు, గంటకి 1,200 చొప్పున 26,400. వాన వెలిశాక జేసీబీ ఎందుకు, డబ్బు దండగ కదా అని చాలామంది అడిగారు. వాన వెలిసింది గానీ నేల ఆరలేదండీ. చలికాలం ఎండకి పదును ఉండదు, గునపంతో మూరెడు గొయ్యి తీస్తే తెల్లారేసరికి నిండా నీళ్ళు. అలాంటి నేల మీద మళ్ళీ ఒక 50 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి రెండు లక్షల లీటర్లు, అందులో నేలలోకి ఇంకేది దాదాపు ఉండదు, అంతా గెడ్డలోకే రావాలి, గెడ్డ చూస్తే పూడికతో, గుర్రపుడెక్కతో సగానికి సగం మూసుకుపోయి ఉంది. డిసెంబర్‌లో వాయుగుండాలు రావని ఎవరూ చెప్పలేరు. 2021 డిసెంబర్‌లో జవాద్ తుఫాను పూరీ దాకా వచ్చి బలహీనపడిపోయింది, అయినా గంజాం, గజపతి జిల్లాల్లో వరిని ముంచేసి పోయింది. 2018 అక్టోబర్ తిత్లీ అయితే ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. అందుకే పూడిక తీయించాం.

రోడ్డు కింద పాత తూర (నీళ్ళు పోయే గొట్టం) పగిలి నీళ్ళు వెనక్కి తన్నేవి. మూడు కొత్త సిమెంటు తూరలకి 9,600, బండి కిరాయి 1,500.

గట్టు సంగతి. పడమటి మూల కింద ఊట మొదలైన రాత్రి అందరికీ టెన్షన్ అయింది. ఊట తేటగా వస్తే కొంత నయం, ఎర్రగా, బురదగా వస్తే లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం. మనకి ఎర్రగానే వచ్చింది. పైన మట్టి పోస్తే తడి గట్టు మీద అది నిలవదు, జారిపోతుంది. అందుకని ఊట చుట్టూ ఇసుక బస్తాలు బావి ఒరలా పేర్చాం. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గి, తేటపడింది. 600 ఖాళీ బస్తాలు 4,800, ఇసుక ఆరు ట్రాక్టర్లు 9,000. బస్తా నిండా నింపితే ఒకదానిమీద ఒకటి కూర్చోదు, మూడింట రెండు వంతులే నింపించాం. కూలి 450 చొప్పున 40 మందికి 18,000. రాత్రిళ్ళు లాంతర్లు పట్టుకుని గట్టు మీద కాపలా కాసిన కుర్రాళ్ళు ఒక్క రూపాయి తీసుకోలేదు, వాళ్ళకి ఊరు రుణపడి ఉంది.

ఇంజన్ డీజిల్‌కి 3,850. దళితవాడ ఇళ్ళలో నీళ్ళు తోడించాం, కానీ నేల నిండా ఊట ఉన్నప్పుడు తోడినవి తోడినట్టే మళ్ళీ వస్తాయి, అందుకే ఆపి ఆ డబ్బు గెడ్డ మీద పెట్టాం. టార్పాలిన్లు ఆరు 6,600. బడిలో తలదాచుకున్న వాళ్ళ భోజనాలకి పప్పు, కూరలు, గ్యాస్ 5,420, బియ్యం ఇళ్ళ నుంచే వచ్చాయి. బ్లీచింగ్, సున్నం 1,150.

మొత్తం ఖర్చు 86,320. చేతిలో మిగిలింది 9,380. ఇది గుడికీ, భోజనాలకీ వాడాలని కొందరు అన్నారు, కమిటీ ఒప్పుకోలేదు. సంక్రాంతి దాటేదాకా బస్తాలకీ, డీజిల్‌కీ అట్టేపెడుతున్నాం, ఆ తర్వాత ఊరందరూ కూర్చుని తేల్చండి.

బిల్లులన్నీ బడి గోడకి అంటించాం. కొన్ని ఒడియాలో ఉన్నాయి, చదవడం రానివాళ్ళు సాయంత్రం వస్తే చదివి వినిపిస్తాం. లెక్కలో ఎక్కడ అనుమానం ఉన్నా మొహమాటం లేకుండా అడగండి. టార్పాలిన్లు ఇంకా రెండు వెనక్కి రావాలి, ఎవరింట్లో ఉన్నాయో ఆరబెట్టి బడిలో ఇచ్చేయండి. గెడ్డలో గడ్డీ చెత్తా వేయకండి.