ఈ వారం టీవీ కట్టేయమని చెప్పను

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రతి ఉత్తరంలోనూ ఏదో ఒక మూల పిల్లల్ని టీవీకి, ఫోనుకి దూరంగా ఉంచమని రాస్తూ వచ్చినదాన్ని, ఈసారి టీవీ పెట్టమని అడుగుతున్నాను. వచ్చే సోమవారం నుంచి ఆదివారం దాకా టీవీలో రోజుకొక పాత తెలుగు సినిమా వేస్తున్నారు. జాబితాలో ‘మాయాబజార్’ ఉంది, ‘మిస్సమ్మ’ ఉంది, ‘లవకుశ’ ఉంది. మా స్టాఫ్ రూములో రెండు రోజులుగా ఇదే గొడవ. చూపించాలా వద్దా అన్న ప్రశ్నే రాలేదు. ఏది ముందు చూపించాలన్న దగ్గరే తెగడం లేదు.

మీ దగ్గర నేను కోరేది చిన్నదే. ఏడూ చూడక్కర్లేదు. ఒక్క సినిమా ఎంచుకోండి. పిల్లల పక్కన కూర్చుని, పేర్లు పడేటప్పటి నుంచి ‘శుభం’ దాకా చూడండి. “నువ్వు చూస్తూ ఉండు, నేను పని చూసుకుని వస్తా” అంటే ఈ సినిమాలతో కుదరదు. మొదటి ఇరవై నిమిషాలు పిల్లలకి కథ కదిలినట్టే ఉండదు. రీల్స్ చూసే వేలు రిమోట్ కోసం వెతుకుతుంది. అప్పుడు పక్కన పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఉండి “ఇదిగో, ఇప్పుడు చూడు” అని ఒక్క మాట అందించాలి. కాసేపు విసుగనిపించినా ఫరవాలేదు. ఒకసారి కథలో పడ్డాక మీరు లేచి వెళ్లినా వాళ్లు లేవరు.

సినిమా మొదలయ్యేముందు ఒక చిన్న పని ఉంది. ఆ రోజుల సినిమా బొమ్మ కొంచెం చదరంగా ఉండేది, ఇప్పటి టీవీలు వెడల్పు. అందుకని తెరకి రెండు పక్కలా నల్లటి పట్టీలు కనిపిస్తాయి. అవి ఉండాల్సినవే. చాలా ఇళ్లలో “తెర నిండా రావడం లేదు” అని రిమోట్ నొక్కి బొమ్మని సాగదీస్తారు. దాంతో సన్నగా ఉన్న హీరోయిన్ బొద్దుగా అవుతుంది, చందమామ గుడ్డులా అవుతాడు. జూమ్ నొక్కితే ఇంకా అన్యాయం, కిరీటాలూ కాళ్లూ తెగిపోతాయి. టీవీ సెట్టింగుల్లో బొమ్మ సైజు 4:3 లోనో, ఒరిజినల్‌లోనో పెట్టండి చాలు.

“నలుపు తెలుపు ఎందుకు టీచర్, రంగులు లేవా?” అని నాలుగో తరగతి పిల్లలు అడుగుతూనే ఉంటారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కి 2010లో రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు కాబట్టి వాళ్లకి రెండూ దొరుకుతాయి. నా ఓటు నలుపు తెలుపుకే, కనీసం మొదటిసారికి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ ఆ పడవ పాటలో పరిచిన వెన్నెల గురించి సినిమా తెలిసినవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఆ వెన్నెలకి పనిముట్లు తెలుపు, నలుపు, మధ్యలో ఉన్న బూడిద ఛాయలు మాత్రమే. నీళ్లమీద మెరుపు ఎక్కడ ఆగింది, మొహంమీద నీడ ఎక్కడ మొదలైంది అన్నది రంగులు పులిమాక అంత తేటగా కనిపించదు. మా డ్రాయింగ్ టీచరుగారు ఆ పాట చూసి పెన్సిల్‌తో షేడింగ్ వేసుకురమ్మన్నారు. ఇష్టమున్నవాళ్లు మాత్రమే, మార్కులు లేవు.

ఇదే సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వెన్నెల కాదు, సావిత్రి. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారి పెళ్లివారింట్లో తిరిగే భాగం వచ్చినప్పుడు పిల్లల్ని కథ వదిలేసి ఆమెనే చూడమనండి. తెరమీద ఉన్నది సావిత్రే. కానీ ఆ ఆడపిల్ల ఒంట్లో ఉన్నది ఎస్వీ రంగారావు వేసిన రాక్షసుడు. ఆవిడ భుజాలు ఎగరేసే తీరు, కళ్లు ఉరిమే తీరు, పక్కన ఎవరూ లేరనుకున్నప్పుడు నడక మారిపోయి, ఎవరైనా రాగానే చటుక్కున సిగ్గు తెచ్చుకునే తీరు చూడండి. అంతకు ముందే రంగారావుని చూసి ఉంటాం కాబట్టి ఎవరిని అనుకరిస్తోందో ఏ పిల్లాడికీ చెప్పక్కర్లేదు. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి వేషంలో ఉన్న రేలంగి హడలిపోతుంటే నవ్వని పిల్లని నేను ఇంతవరకు చూడలేదు. మా డ్రామా క్లబ్బులో “పెద్ద డైలాగు లేకపోతే నాకేం వేషం” అని అలిగే పిల్లలకి నేను పది క్లాసులు చెప్పినా ఇంత అర్థం కాదు.

ప్రియదర్శిని పెట్టె ఘట్టం వచ్చినప్పుడు ఒక సందడి ఖాయం. శశిరేఖ మూత ఎత్తుతుంది, అందులో అభిమన్యుడు కనిపిస్తాడు, పాట సాగుతుంది. స్కూల్లో ఆ ముక్క వేసినప్పుడు అయిదో తరగతి మొత్తం “ల్యాప్‌టాప్, వీడియో కాల్” అని ఒకటే అరుపులు. దర్శకుడు కె.వి. రెడ్డిగారు వింటే సంతోషించేవారనే అనుకుంటాను.

‘మిస్సమ్మ’ సంగతి వేరు. అది 1955 నాటిది, ఎల్.వి. ప్రసాద్ తీశారు. చదువుకుని ఉద్యోగాల్లేని ఇద్దరు, భార్యాభర్తలైతేనే ఇస్తామన్న టీచరు ఉద్యోగాల కోసం దంపతుల్లా నటిస్తారు. మా వృత్తి మీద ఇంత తమాషా కథ ఇంకొకటి లేదు. స్కూలు యాజమాన్యాలు టీచర్లని ఏమేం అడుగుతాయో చూసి మా స్టాఫ్‌లో కొందరు మరీ గట్టిగా నవ్వారు, నేను పట్టించుకోనట్టు ఊరుకున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇది బాగా పడుతుంది. క్రైస్తవుల అమ్మాయిగా పెరిగిన మేరీ, హిందువైన ఎం.టి. రావు ఒకే ఇంట్లో పడే ఇబ్బందుల్ని ఎవర్నీ చిన్నబుచ్చకుండా నవ్వుతూ ఎలా చెప్పారో వాళ్లతో మాట్లాడండి.

చిన్నపిల్లలున్న ఇళ్లలో ‘లవకుశ’ చూడండి. 1963లో వచ్చిన ఈ సినిమా పూర్తిగా రంగుల్లో తీసిన తొలి తెలుగు చిత్రం. సి. పుల్లయ్య మొదలుపెట్టారు, ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. 1934లో ఇదే కథని తెరకెక్కించింది కూడా పుల్లయ్యగారే. ఇద్దరు పిల్లలు సభలో నిలబడి పాడుతుంటే పెద్దలంతా విని తల దించుకునే సినిమా కాబట్టి, పిల్లలకి నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

లెక్కల మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఇది ఇవ్వండి. సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. అంటే మూడు గంటల సినిమాకి 2,59,200 బొమ్మలు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, కాబట్టి మూడు గంటలకి 16,200 అడుగులు, దాదాపు అయిదు కిలోమీటర్లు. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఒకటే ప్రొజెక్టరు ఉన్న టూరింగ్ టాకీసుల్లో రీలు మార్చినప్పుడల్లా సినిమా ఎందుకు ఆగేదో ఈ లెక్క చేస్తే వాళ్లకే తెలుస్తుంది.

ఆ ఫిల్ము ఎంత సున్నితమైనదో కూడా చెప్పండి. 1950ల మొదటిదాకా వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునేది, అంటుకుంటే ఆర్పడం కష్టం. కాలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే చీకి పొడిపొడి అయిపోయేది. మన దేశంలో మాటలు నేర్చిన మొదటి సినిమా, 1931 నాటి ‘ఆలం ఆరా’, ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం పెట్టింది 1964లో. అప్పటికే ఎన్నో పోయాయి. ఈ వారం మనం చూడబోయేవి మిగిలినవాటిలోవి.

ఇక నచ్చని విషయాలు. ఈ సినిమాల్లో కొన్నిటిలో మొగుడు పెళ్లాన్ని చెంపదెబ్బ కొడితే హాస్యం. లావుగా ఉన్నవాళ్లు, నల్లగా ఉన్నవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు కనిపిస్తే చాలు ఒక జోకు. హీరోలు సిగరెట్టు ముట్టించడం సరేసరి. అలాంటిది వచ్చినప్పుడు గబుక్కున ఛానెల్ మార్చేయకండి, “ఆ రోజుల్లో అంతేలే” అని దాటేయకండి కూడా. “ఇది నీకు నవ్వొచ్చిందా?” అని అడిగి, పిల్లలు చెప్పేది వినండి. పాతది కాబట్టి అంతా మంచిదేనని నేర్పితే, కొత్తది కాబట్టి అంతా మంచిదేనని వాళ్లు మనకి తిప్పి చెబుతారు.

టైము గురించి కాస్త కఠినంగానే చెబుతున్నాను. రాత్రి ప్రసారాలు తొమ్మిది దాటాక మొదలవుతున్నాయి. మూడు గంటల సినిమా ప్రకటనలతో కలిపి నాలుగు గంటలు సాగుతుంది. మర్నాడు మొదటి పీరియడ్‌లో బల్లమీద తల పెట్టుకునే పిల్లలు నాకు అక్కర్లేదు. సెట్‌టాప్ బాక్సులో రికార్డు చేసే వీలుంటే చేసుకుని రెండు మూడు సాయంత్రాలు పంచుకుని చూడండి, లేదా శని, ఆదివారాల మధ్యాహ్నం ఆటలకి కూర్చోండి. ఏడో తరగతి లోపు పిల్లల్ని రాత్రి ఆటకి మేలుకోనివ్వకండి. “హెడ్‌మిస్ట్రెస్ చూడమన్నారు” అని వాళ్లు అంటారు. నేను అనలేదని చెప్పండి.

దీనిమీద వ్యాసం రాయమని, సారాంశం తెమ్మని ఏ టీచరూ అడగరు. అలా అడిగిన మర్నాటి నుంచి పిల్లలు పాత సినిమాని కూడా పాఠంలాగే తప్పించుకుంటారు.

వారం అయ్యాక వచ్చే శనివారం ఉదయం పదింటికి లైబ్రరీలో పిల్లలతో ఒక గంట కూర్చుంటున్నాం. ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతయ్యలు ఎవరైనా నేల టిక్కెట్టు రోజులు, డేరా హాళ్లు, మధ్యలో రీలు తెగినప్పటి ఈలలు చెప్పదలిస్తే శుక్రవారంలోగా ఆఫీసులో పేరు ఇవ్వండి. కింది అంతస్తులోనే ఏర్పాటు చేస్తున్నాం కాబట్టి మెట్లు ఎక్కే పని లేదు. పాత పాటల పుస్తకాలు, సినిమా హాల్లో అమ్మిన ఆ పల్చటివి, ఇంట్లో ఉంటే పంపండి. అద్దాల బీరువాలో పెట్టి, సాయంత్రం తిరిగి పంపిస్తాం. ఆ రోజు స్కూలు బస్సులు పన్నెండున్నరకి బయల్దేరతాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు