గొడుగు సంగతి

చి.సౌ. లలితకు,

నాన్న ఆశీస్సులు. మేమిద్దరం క్షేమం. ఈ ఉత్తరం పచ్చళ్ళ పార్శిల్లో పెడుతున్నాను, నూనె మరకలుంటే ఏమీ అనుకోకు.

మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు. పని ఉంటుందిలే. అందుకని రాయడం లేదు, గొడుగు గురించి రాస్తున్నాను, అదే నీ ఉప్పునీళ్ళ అక్వేరియం తొట్టెలో గొడుగులా పెరిగే మెత్తటి పగడం. మొన్న మీ పిన్ని ఫోన్ చేసి, "లలిత తొట్టెలో గొడుగుని ఇచ్చేస్తోందంట, మా శేషు చెప్పాడు" అంది. ఇల్లు మారేవాళ్ళే ఇలా ఇచ్చేస్తారు కదా అని కూడా అంది. నేనేమీ అనలేదు. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి పెరుగన్నం వదిలేసి లేచింది.

పెరిగిపోయింది కాబట్టి ఇస్తోందని నచ్చజెప్పాను. నిజమే కదా. నేను హ్యూస్టన్ వచ్చినప్పుడు అది అప్పడమంత ఉండేది. పోయిన దసరాకి నువ్వు పంపిన ఫోటోలో అట్లపెనమంత అయింది. మూడడుగుల తొట్టెలో అంత పెనం మూతేస్తే కిందవాటికి వెలుతురేదీ? పైగా అది నీళ్ళలోకి ఏదో విషం వదులుతుందని, పక్కనున్న రాతి పగడాలు ముడుచుకునేది అందుకేనని అల్లుడుగారే చెప్పారు.

అయితే ఇచ్చెయ్యక్కర్లేదమ్మా, కోస్తే చాలు. తొట్టెలో కోయకు. తొట్టె నీళ్ళే బేసిన్లోకి తీసుకుని, కొత్త బ్లేడుతో గొడుగు భాగం తీసెయ్యి. కాడ ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. జిగురు కారుతుంది, కంపు కొడుతుంది, ముక్కల్ని వేరే ఉప్పునీళ్ళలో జాడించు. ఆ జిగురుకి గ్లూ పట్టదు. చిన్న రాయి మీద పెట్టి రబ్బరు బ్యాండు వదులుగా వెయ్యి, రెండు మూడు వారాల్లో అదే అతుక్కుంటుంది. ఆ రోజే కొన్ని నీళ్ళు మార్చి, ఫిల్టరులో కొత్త బొగ్గు వెయ్యి. తర్వాత కొన్నాళ్ళు ముడుచుకుని, మైనం పొరలాంటిది వదులుతుంది. చచ్చిపోయిందని కంగారు పడి పారేసేవు. ముక్కల్ని ఆ చేపల షాపువాడు తీసుకుంటాడు, డబ్బులివ్వకపోయినా మేతకి సర్దుతాడు.

చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు పెట్టుకో. నీకసలే వంకాయ కోస్తేనే చేతులు దురదలు. ఆ మూల బొత్తాల్లాంటి రంగురంగులవి ఉన్నాయే, జోయాంథిడ్లు, వాటి జోలికి మాత్రం వెళ్ళకు. వాటిలో కొన్నింటి విషం ప్రాణాలకే ముప్పు. అవున్న రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో మరిగించినవాళ్ళు ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రుల పాలయ్యారు.

గాల్వెస్టన్ సముద్రం గంట దూరమే కదా, అక్కడ వదిలేద్దామనుకోకు. ఇక్కడ అక్వేరియంలోంచి కాలవల్లో పడ్డ దెయ్యం చేప చెరువుల్లో మేతంతా తినేసి వలలు చింపేస్తోంది. ఒకవేళ మీరు ఇక్కడికే వచ్చేస్తున్నా, ఊరికే అంటున్నాను, రాతి పగడాలు తేవడానికి లేదు. 2001 నుంచి మన వన్యప్రాణి చట్టంలో పులితో పాటు అవీ మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. మనుషులకైతే ఏ అడ్డూ లేదు. పై గదిలో ఫ్యాను మార్పించాను.

పెరిగినప్పుడు తీసెయ్యకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. 95లో కాళ్ళ ఊరి దగ్గర ఎకరంన్నర చెరువులో టైగర్ రొయ్య వేశాం. రొయ్య 40 కౌంట్‌కి వచ్చింది, అంటే కిలోకి నలభై తూగేంత. పట్టేద్దామన్నారు మీ తాతయ్య. 30 కౌంట్ అయితే రేటే వేరు, ఇంకో మూడు వారాలు ఆగుదామన్నాను నేను. ఉప్పు చూస్తున్నాను, మేత చూస్తున్నాను, రాత్రిళ్ళు గట్టు మీదే పడుకుంటున్నాను, నాకు తెలియనిదేముందని నా ధీమా. ఒకరోజు తెల్లారి, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే మేత మేతలాగే ఉంది. రొయ్యలు గట్టువార చేరి ఎర్రబడ్డాయి. ఒకదాని డొప్ప ఊడదీసి ఎండకి పెట్టి చూశాను, సున్నం చుక్కలు. తెల్లమచ్చ రోగం. వారం తిరిగేసరికి చెరువు ఖాళీ.

అప్పు సంగతి సరే, తీర్చాం. మీ అమ్మకి పదకొండు రోజులు చెప్పలేదు. పొద్దున్నే లేచి, క్యారేజీ పట్టుకుని, ఖాళీ చెరువు గట్టు మీద కూర్చుని సాయంత్రం వచ్చేవాణ్ణి. చివరికి పాలవాడు చెప్పాడు ఆవిడకి. చెరువు పోయినందుకు ఒక్క మాట అనలేదు. "ఆ పాలవాడి కంటే కానిదాన్నయ్యానా" అని మాత్రం ఇప్పటికీ అంటుంది, నిన్న కూడా అంది.

మీ ఊళ్ళో ఉద్యోగాలు తీసేస్తున్నారని టీవీలో చూపిస్తున్నారు. మీ ఆఫీసు పేరు రాలేదు. రాలేదని మీ అమ్మకి రెండుసార్లు చెప్పాను.

గోంగూరలో ఈసారి కారం తగ్గించాం. మాగాయ జాడీ మూత బిగుసుకుంటుంది, అల్లుడుగారి చేత తీయించు, నువ్వు కత్తి పెట్టి పొడవకు. గొడుగు కోస్తే ఫోటో పంపు. కోయకపోయినా ఫోన్ చెయ్యి. మీకు పగలైతే మాకు రాత్రి అని చూడకు, నేను మూడింటికే లేచి కూర్చుంటున్నాను.

నాన్న
భీమవరం