ఆ రెండో కొసన ఉన్నది నేనే

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గర పదిహేడేళ్లుగా జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. వాట్సాప్ సందేశాలను ప్రభుత్వం చూడవచ్చా, కంపెనీ చూస్తోందా అని పత్రికల్లోనూ టీవీల్లోనూ చర్చలు చూస్తుంటాను. ఆ చర్చల్లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి నా బల్ల మీద రోజూ జరుగుతోంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

తెల్లవారకముందే బస్సు దిగిన యాత్రికులు నేరుగా నా దగ్గరికి వస్తారు. ఒకరికి మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు ప్రింటు కావాలి. ఇంకొకరు టోకెన్ల వరుసలో నిలబడాలి, దానికి ఆధార్ కావాలి. కొండ మీద గది కావాలన్నా ఆధారే. గోడ మీద నా వాట్సాప్ నంబరు పెద్ద అంకెలతో రాసి ఉంటుంది. దానికి పంపిస్తారు: టికెట్టు, ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు, తొందరలో ఒక్కోసారి వేలు తగిలి పక్కనున్న సొంత ఫొటో కూడా. ప్రింటు చేతిలో పడగానే డబ్బులిచ్చి అలిపిరి బస్సు కోసం పరుగెత్తుతారు. ఆ ఫైళ్లు మాత్రం నా కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి.

కిందటేడు వినాయక చవితి ముందు కంప్యూటర్ మొరాయిస్తుంటే డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచాను. పదకొండు వేలకు పైగా ఫైళ్లు ఉన్నాయి. ఆధార్ కార్డులు, పదో తరగతి మార్కుల జాబితాలు, పట్టాదారు పాసు పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎవరో గర్భిణి స్కానింగ్ రిపోర్టు. వీరిలో ఒక్కరి ముఖమూ నాకు గుర్తు లేదు. కానీ వారి ఊరు, పుట్టిన తేదీ, ఖాతాలో ఎంత ఉందీ అన్నీ నా ముందున్నాయి. నా దుకాణంలో అప్పటికి నలుగురు కుర్రాళ్లు పని చేసి మానేశారు. వారంతా మంచివాళ్లే, అందులో అనుమానం లేదు. కానీ ఆ మంచితనాన్ని నమ్ముకుని ఫైళ్లు పంపినవారికి వారెవరో కూడా తెలియదు. ఆ రాత్రి షట్టరు సగం దించి రెండు గంటలు కూర్చుని అన్నీ తుడిచేశాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను, ఎందుకంటే డిలీట్ చేసినవన్నీ ముందు అందులోకే చేరతాయి.

వాట్సాప్‌లో ఎవరి చాట్ తెరిచినా మొదట్లోనే ఒక మాట కనిపిస్తుంది: ఈ సందేశాలు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో, అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా వేసిన తాళంతో, భద్రంగా ఉన్నాయని, ఈ చాట్‌లో ఉన్నవారు తప్ప ఇంకెవరూ చదవలేరని. 2016 ఏప్రిల్ నుంచి అందరికీ ఈ ఏర్పాటు ఉంది. అది అబద్ధం కాదు. పంపేవారి ఫోనులో తాళం పడుతుంది, అందుకునేవారి దగ్గరే తెరుచుకుంటుంది, దారిలో ఎవరికి చిక్కినా అర్థం లేని అక్షరాలే. అయితే అందుకునేవాడిని నేను. దారి పొడవునా వేసిన తాళం నా దగ్గరికి వచ్చేసరికి తెరుచుకుంటుంది. అక్కడి నుంచి నా బుద్ధి ఎంత మంచిదో ఆ కాగితాలకు అంతే రక్షణ. పంపినవారు తర్వాత గుర్తొచ్చి అందరికీ చెరిగిపోయేలా డిలీట్ చేసినా, అప్పటికే నా కంప్యూటర్‌లోకి దిగిన ఫైలు చెరగదు.

ఇంతకంటే నన్ను కదిలించినది ఇంకొకటి ఉంది. ఫైళ్లు ఎక్కువగా ఉంటే కొందరు నా కంప్యూటర్‌లోనే వాట్సాప్ వెబ్ తెరిచి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, తమ ఖాతా నుంచే ప్రింటు తీసుకుంటారు. ఒకమ్మాయి అలాగే ఇంటర్వ్యూ కాగితాలు తీసుకుని వెళ్లింది, లాగౌట్ చేయలేదు. సాయంత్రం ఎవరిదో పాసుపోర్టు ఫొటో సరిచేస్తుంటే తెర మూలన ఒక సందేశం వచ్చింది. పంపినవారి పేరు ‘అమ్మ’ అని ఉంది. అందులో ఏముందో ఇక్కడ రాయను. తల్లి కూతురికి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేని ఇంటి కష్టం అది. చూడాలని చూడలేదు, కంటపడింది. అమ్మాయి నంబరు కాగితం మీద రాసుకుని వెంటనే లాగౌట్ చేసి ఫోను చేశాను. జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “అంకుల్, ఇంకేమైనా చదివారా?”

“లేదమ్మా” అన్నాను. అది నిజం. కానీ నిజమని తేల్చుకునే దారి ఆ అమ్మాయికి లేదు. నా మాట నమ్మడం తప్ప చేయగలిగింది లేదు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

సందేశం మొదట పంపినదెవరో చెప్పాలని 2021 ఐటీ నిబంధనలు అడిగితే వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించమంటే దేశం విడిచిపోతామని 2024 ఏప్రిల్‌లో అక్కడ చెప్పింది. ఈ విషయంలో నేను తాళం వైపే. ఒక్క చిన్న దుకాణంలో ఒక్కడి కంట పడినదే ఇంత ఉంటే, కోట్ల మందివి చూడగలిగే కిటికీ మధ్యలో ఎక్కడో తెరవడం నాకు ఊహించుకోవడానికే భయం. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ హక్కు నా బల్ల దగ్గర కూడా ఉండాలి కదా.

2022 మేలో బెంగళూరులోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. బయటి కంప్యూటర్లలో ఆధార్ దింపుకుంటే ఆ కాపీలను పూర్తిగా తొలగించమని అందులో ఉంది. అపార్థాలు వస్తాయని రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు. మంచి మాట కూడా దానితోపాటే పోయింది. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో ‘మన మిత్ర’ మొదలై, 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. మంచిదే, ధ్రువపత్రాల కోసం తిరగడం తగ్గింది. ఇలా ఫోనుకు వచ్చే పత్రం ప్రింటు కావాలంటే చాలామందికి నాలాంటి దుకాణమే గతి. పని తీరాక వ్యక్తుల సమాచారాన్ని ఉంచుకోకూడదని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. మా వీధిలో ఆరు జిరాక్స్ దుకాణాలున్నాయి. ఈ సంగతి చెప్పడానికి ఇంతవరకు ఒక్క అధికారీ రాలేదు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసి ఇవ్వవచ్చు.

నేను కంప్యూటర్ తెరను గిరాకీ వైపు తిప్పి పెట్టాను. ప్రింటు ఇచ్చాక ఫైలును వారి ఎదుటే తుడుస్తున్నాను, చాట్ కూడా తీసేస్తున్నాను. ఆధార్ పంపేవారికి మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఉందని, అది చాలే పనులకు అదే ఇవ్వమని చెబుతున్నాను. వరుస పెరుగుతోందని కొందరు విసుక్కుంటున్నారు.

మీ పాఠకులకు ఒక మనవి. ఈ ఉత్తరం చదివాక మీ వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ అన్న చోట ఒకసారి చూడండి. మీరు ఎరగని కంప్యూటర్ పేరు కనిపిస్తే అక్కడే లాగౌట్ చేయండి. చేతకాకపోతే బస్టాండు వైపు వచ్చినప్పుడు నా దగ్గరికి రండి, డబ్బు అక్కర్లేదు. ఉదయం నాలుగు నుంచి దుకాణం తెరిచే ఉంటుంది.

— ఒక జిరాక్స్ దుకాణదారు, తిరుపతి